తలుపు మీద యాపాకు కుదురు

కుదురు అంటె ఏందో ఇప్పటి పిల్లలకు చెప్పాలె. కుండ అడుగు గుండ్రంగుంటది, నేల సాపుగుంటది. కింద ఏదన్న ఆసరా లేకుంటె కుండ పొర్లుతది. అందుకని వరిగడ్డిని మెలివెట్టి, గుండ్రంగ చుట్టి, కుండ కింద పెడుతరు. గదే కుదురు. గంత చిన్న సంగతి. గా కుదురునే మా అవ్వ క్రిస్మస్ పండుగకు ఆకులు చుట్టి తలుపుకు వేలాడగడుతుండె. అవ్వ అంటె మా దిక్కు అమ్మ, బాపు అంటె నాయిన. నవ్వేటోళ్లు నవ్వుండ్రి, నాకేం ఫికర్ లేదు.

ఈ పని ఆమెకు ఒక దొరసాని నేర్పింది. నిజాం పోయి నాలుగేండ్లో అయిదేండ్లో అయింది, హైదరాబాద్ స్టేటు ఇంకా ఉండె. కరీంనగర్ల మిషనోళ్ల దవాఖానల అవ్వ ఆయాగ చేస్తుండె. మేం ఉండేది ఆ కాంపౌండులనే. మా తాత కాలంల మావోళ్లు ఊరవతలి వాడల ఉంటుండ్రట. మిషన్ల కలిసినంక కాంపౌండు లోపటికి వచ్చినరు. నేను పుట్టింది, నడక నేర్సింది అండ్లనే. ఊరోళ్ల ఇండ్లల్ల ఏం ఆచారాలుంటయో, ఎవలు ఎవలింట్ల తింటరో తినరో నాకు ఏమెర్క?

డిసెంబర్ రాంగనే దొరసాని ఆయాలందరిని వరండల కూసోవెట్టి, ఇనుప తీగను గుండ్రంగ వంచి, దానికి సరుగుడు కొమ్మలు కట్టుడు నేర్పుతుండె. దాన్ని ఆమె రీత్ అనేది. "మా దేశంల ఈ కాలానికి చెట్లన్ని మోడుబారుతయి. ఒక్క తీరు చెట్టే పచ్చగుంటది. అందుకే దాని కొమ్మలు తెచ్చి తలుపుకు కడుతం" అని చెప్పిందట. మా అవ్వ నోరు ఊకుంటదా? "అమ్మా, మా కరీంనగర్ల డిసెంబర్ల పచ్చగ లేని చెట్టేది?" అని అడిగింది. దొరసాని బయటికి చూసింది. చింత పచ్చగుంది, మామిడి పచ్చగుంది, గోడ పొంటి కానుగ చెట్లు పచ్చగున్నయి. జర సేపు ఆలోచన చేసి, "అయినా కట్టాలె" అన్నదట. గీ ముచ్చట చెప్పినప్పుడల్ల అవ్వ పడిపడి నవ్వేది.

తీగ అందరికి సరిపోకపోతుండె. అవ్వకు కోపమొచ్చి, "తీగ లేకుంటె సస్తమా, గడ్డి లేదా" అని పొలాల నుంచి పిడికెడు వరిగడ్డి తెచ్చి, నీళ్లల్ల నానవెట్టి, గడియల కుదురు చుట్టి దొరసాని ముంగట వెట్టింది. దొరసాని దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, నెత్తి మీద పెట్టుకొని కూడ చూసిందట. ఆ ఏడు సంది దవాఖాన తలుపులన్నిటికి గడ్డి కుదుర్లే. తీగ కంటె గడ్డి మేలు. పేటల సందున కాడ దోపితె కరిసి పట్టుకుంటది, మల్ల తాడు కట్టే పని లేదు. దోపుడుకు గూడ ఒక లెక్క ఉంది. అన్ని కొమ్మలు ఒక్క దిక్కే పండాలె. ముందుగాల దోపిన కొమ్మ కాడను, ఎన్కొచ్చే కొమ్మ ఆకు కప్పాలె. బతుకమ్మ పేర్చినట్టే, లోపల ఏం పెట్టినమో పైకి కనవడొద్దు. ఎక్కడన్న గడ్డి కనవడిందా, అవ్వ మొత్తం గుంజిపారేసి మొదటికి వచ్చేది. కోపం నాకు ఆమె కాన్నుంచే వచ్చింది, ఇంకెక్కడికెల్లి వస్తది?

నాకు తొమ్మిదేండ్లున్నప్పుడు బాపుకు ఆదిలాబాద్ జిల్లాల బొగ్గుబాయిల పని దొరికింది. మా దిక్కు గనిని బాయి అనే అంటరు. బాపు బాయికి పోయిండంటె నీళ్లు చేదతందుకు కాదు, బొగ్గు తవ్వతందుకు. కంపెనీవోళ్లు క్వార్టరిచ్చిండ్రు. ఒక అర్ర, ముంగట చిన్న వరండ, ఎనుక తడకలు కట్టుకున్న వంటకొట్టం. గట్ల ఇటు అయిదు, ఎదురుంగ అయిదు, పది ఇండ్లు ఒక లైను. లైను మొత్తానికి ఒక్కటే నల్లా.

ఆ లైన్ల ఉన్నోళ్లు తలా ఒక దేశమోళ్లు. మా ఎదురింట్ల సుల్తానాబాద్ దిక్కు కాపోళ్ల ముసలామె ఉండె. కొడుకుకు బాయిల పని దొరికితె ఎవుసం ఇడిసిపెట్టి కొడుకెంట వచ్చింది. లైనంత ఆమెను పెద్దవ్వ అంటుండె. ఆమె మాటంటె మాటే. మా పక్కింట్ల ఇచ్చోడ దిక్కుకెల్లి వచ్చిన ఒక అక్క. ఆమె మాటల సగం తెలుగు, సగం మరాఠి. ఇంకొంతమంది ఆడోళ్లుండ్రి, అందరు మంచోళ్లే. మంచిగ పలకరిస్తుండ్రి. నాకు జ్వరమొస్తె మిరియాల కషాయం కాసి మా గడప కాడ పెట్టి పోయిండ్రు.

గడప కాడనే. లోపటికి రాలే. అవ్వ చాయ్ వెట్టి పిలిస్తె, "ఇప్పుడే తాగిన బిడ్డా" అనేటోళ్లు. మంచినీళ్లిస్తె, "దూప లేదు" అనేటోళ్లు. నల్లా కాడ అందరి బిందెలు నిండినంకనే అవ్వ బిందె పెట్టుకోవాలె. ఎవలు నోరు తెర్సి జరుగుమనలే. కని ఆమె ముందుగాల పెట్టుకుంటె మిగిలినోళ్లు నల్లాను మట్టితోని తోమి, మూడు సార్లు కడిగి, అప్పుడు పట్టుకునేటోళ్లు. రెండు దినాలు చూసి మూడో దినం సంది అవ్వనే ఎనుక నిలవడ్డది. ఊరవతలి వాడ ఊరవతలనే ఉండిపోయిందని మేం అనుకున్నం గని, అది మా ఎంటనే బస్సెక్కి వచ్చింది.

అవ్వకు ఇది కడుపుల ముల్లు లెక్క ఉండె. కరీంనగర్ల పదిమంది బిడ్డలకు పురుడు పోసిన చెయ్యి ఆమెది. "గీ క్రిస్మస్‌కు లైనంతటిని అన్నానికి పిలుస్త" అన్నది ఒకనాడు. బాపు పండ్లు తోముకుంట, "రారు" అన్నడు. "ఎందుకు రారు?" "రారే, ఊకో. తర్వాత నువ్వే ఏడుస్తవ్." "ఒక్కరన్న రారా? ఒక్క ఆడామె మన ఇంట్ల పీట మీద కూసోని ఒక్క ముద్ద తింటె సాలు నాకు. ఒక్క ముద్ద!" అన్నది. బాపు మొఖం కడుక్కొని లోపటికి పోయిండు. అవ్వ ఇల్లిల్లు తిరిగి బొట్టువెట్టినట్టే పిలిచొచ్చింది. అందరు "అస్తంలే బిడ్డా" అన్నరు. ఆమె నమ్మింది. నేనైతె ఇంకా నమ్మిన.

పండుగ వచ్చింది. బాపుకు మొదటి షిఫ్టు, తెల్లారకముందే పోయిండు. అవ్వ పొయ్యి రెండు దిక్కుల అంటుపెట్టింది. ఒక దిక్కు పెద్ద గంజుల బగార అన్నం, ఇంకో దిక్కు మేకకూర, నడుమ సేమియా. నలబైమందికి వంట, ఒక్కతే. కుదురు మాత్రం ముందటి దినమే గడ్డి నానవెట్టి చుట్టింది. ఆకులు ముందు కట్టతందుకు లేదు, ఎందుకంటె ఆ ఊర్ల గాలిల బొగ్గు దుమ్ముంటది. పొద్దుగాల పచ్చగున్నది మాపటికి నల్లగైతది. "ఇయ్యాల కుదురు నువ్వే కట్టు. మేనేజర్ బంగ్ల గోడ అవతల సరుగుడు చెట్లున్నయి, కిందికి వంగిన కొమ్మలు తెంపుకరా. గడ్డి కనవడ్డదంటె ఈపు పలుగుతది" అని నన్ను తోలింది. మొదటిసారి నా చేతికి ఇచ్చింది! నేను భూమ్మీద నడిస్తె ఒట్టు.

బంగ్ల కాడ మాలి ఉండె. నేను గోడ పట్టుకొని ఎగిరి ఒక కొమ్మ అందుకున్ననో లేదో, "ఎవతే అది!" అని చీపురు పట్టుకొని ఉరికొచ్చిండు. కొమ్మ ఆయనకే ఇడిసిపెట్టి, నేను ఒక చెప్పు కూడ ఆయనకే ఇడిసిపెట్టి ఉరికొచ్చిన. అవ్వకు చెప్తె పని నా చేతులకెల్లి గుంజుకుంటదని భయం. లైను ఎనుక తిరిగి చూసిన. అక్కడ ఉన్నది ఒక్కటే తీరు చెట్టు: యాపచెట్టు. పచ్చగ, మెత్తగ, సన్నాకు. సరుగుడు కంటె అందంగనే ఉంది. దేవుడే చూపిచ్చిండనుకున్న.

ఇప్పుడు మీరు నెత్తి కొట్టుకుంటున్నరని నాకు ఎర్కనే. తలుపుకు యాపాకు ఎప్పుడు కడుతరు? ఆ ఇంట్ల అమ్మతల్లి పోసినప్పుడు కడుతరు. పెద్దమశూచి వచ్చిందని, లోపటికి రావద్దని లోకానికి చెప్పతందుకు కడుతరు. తెలంగాణల పాలు తాగే పిల్లకు గూడ ఎర్కున్న ముచ్చటది. కాని నేను కాంపౌండుల పెరిగిన. అక్కడ ఎవలకన్న పొక్కులొస్తె దవాఖానల ఎనుక గదికి తీస్కపోయేది, తలుపుకు ఏమి కట్టకపోయేది. గా చలికాలం చుట్టుముట్టు ఊర్లల్ల తల్లి ఆడుతుందని లైన్ల ఆడోళ్లు రోజు భయపడుకుంట మాట్లాడుకునేది నేను విన్న. విన్న గని, దానికి యాపాకుకు ఏం సంబంధమో నాకెవలు చెప్పిండ్రు?

ఇగ పని మొదలువెట్టిన. అవ్వ చెప్పినట్టే, అన్ని రెమ్మలు ఒక్క దిక్కే, కాడ మీద ఆకు. రెండు వరుసలయినంక చూస్తె బోసిపోయినట్టు కనవడ్డది. దొరసాని రీతుకు పూలుండె. నేను వాకిట్లున్న బంతిపూలు తెంపి దోపిన, పసుపుపచ్చటియి. దొరసాని రీతుకు ఎర్ర రిబ్బను ఉండె. నేను అవ్వ పాత ఎర్ర రైక చింపి పేలిక కట్టిన. దొరసాని రీతుకు నిగనిగ మెరిసే గాజు గోలీలు ఉండె. గోలీలు నా కాడికెక్కడివి? వంటకు తెచ్చిన నిమ్మకాయలు రెండు మెల్లగ దొంగతనం చేసి, పేలిక రెండు కొసలకు వేలాడగట్టిన. యాపాకు, బంతిపూలు, ఎర్ర గుడ్డ, నిమ్మకాయలు! పోచమ్మ గుడి పూజారి వచ్చి కట్టినా గంత పక్కాగ కట్టకపోవు. పని మాత్రం మస్తుగొచ్చింది, గడ్డి పోచ కనవడితె అడుగుండ్రి. మేకుకు తగిలిచ్చి, గడప మీద కూసొని, సుట్టాల కోసం చూసుకుంట ఉన్న. అవ్వ ఎనుక కొట్టంల పొయ్యిల పొగల ఉంది, ముంగటికి రాలే.

మొదటికి పక్కింటి అక్క బయటికొచ్చింది. మా తలుపు చూసింది. "అగ్గబాయి!" అని రెండు చేతులు జోడిచ్చి దండం వెట్టి, లెంపలేసుకొని లోపటికి పోయింది. నా పనికే దండం పెట్టిందనుకున్న. తర్వాత ఇంకొకామె వచ్చి, చెంబుల నీళ్లు తెచ్చి, మా గడప ముంగట ధారవోసి, మొక్కి పోయింది. పండుగని మా వాకిలి కడుగుతున్నరు, ఎంత మంచోళ్లు అనుకున్న. పెద్దవ్వ తన ఇంటి ముంగట నిలవడి నన్ను చూసి కండ్లల్ల నీళ్లు వెట్టుకుంది. "బిడ్డా, నీ ఒళ్లెట్లున్నది?" అని అక్కడికెల్లే అడిగింది. "మంచిగున్నది పెద్దవ్వా, అవ్వ మస్తు కష్టపడుతుంది లోపట. తొందరగ రాండ్రి" అన్న. ఆమె నోట్ల కొంగు వెట్టుకొని లోపటికి పోయింది.

పొద్దు నెత్తి మీదికొచ్చింది. ఎవలు రాలే. అవ్వ లోపట్నుంచి, "వచ్చిండ్రా?" అని అడుగుతుంది, నేను "వస్తుండ్రు" అని చెప్తున్న. లైను మొత్తం తలుపులు దగ్గరికేసి ఉన్నయి. బాపు చెప్పిందే నిజమైతదా అని ఒక్కొక్క తలుపు దిక్కే చూసుకుంట కూసున్న.

గప్పుడే అవ్వ కూరకు ఆఖరి పోపు వెట్టింది. ఉల్లిగడ్డ, అల్లం, ఎల్లిపాయ, లవంగం, నూనెల సుర్రుమన్నది. వాసన లైను చివర దాంక పోయింది. ఇప్పుడు ఇంకో సంగతి చెప్పాలె. తల్లి పోసిన ఇంట్ల పోపు పెట్టద్దు. నూనె కాగద్దు, నీసు అసలే వద్దు. సప్పిడిది, సల్లటిది తినాలె. లేకుంటె తల్లికి కోపమొచ్చి లైను లైనంత ఊడ్సుకపోతదని వాళ్ల భయం. పది నిమిషాలల్ల తలుపులు ఒక్కొక్కటే తెర్సుకున్నయి. ఆడోళ్లందరు పెద్దవ్వను ముంగట వెట్టుకొని వచ్చిండ్రు. పెద్దవ్వ చేతుల పెరుగన్నం సర్వ, ఒకామె చేతుల సల్ల ముంత, ఒకామె కాడ అంబలి, ఒకామె కాడ బెల్లం పానకం. తల్లిని సలువ చేయతందుకు తెచ్చుకున్నరు. నాకు అది ఎర్కలే. వస్తుండ్రు, చేతుల గిన్నెలు గూడ తెస్తుండ్రు అని సంబురపడ్డ.

"ఓ పిల్లా!" అని పెద్దవ్వ గడప అవతల నిలవడి ఒర్రింది. "బయటికి రావే! ఇంట్ల తల్లి పోసి ఉండంగ మసాలా కూర వండుతవానే? బుద్ధుందా నీకు? నీ ఇల్లే కాదు, మా ఇండ్లు గూడ ముంచుతవా?"

అవ్వ చేతుల గంటె పట్టుకొని, మొఖమంత చెమటతోని ఉరికొచ్చింది. "ఏ తల్లి? ఎవలకు?" అన్నది. పెద్దవ్వ తలుపు దిక్కు చెయ్యి చూపిచ్చింది. అవ్వ ముంగటికొచ్చి, ఎనుకకు తిరిగి చూసింది. యాపాకు చూసింది. ఎర్ర గుడ్డ చూసింది, అది తన రైకని గుర్తువట్టింది. నిమ్మకాయలు చూసింది. ఆఖరికి నన్ను చూసింది. ఏసయ్యా, ఆ చూపు నాకు ఇప్పటికి కండ్లముంగట ఆడుతది. నేను ఎందుకన్న మంచిదని రెండడుగులు ఎనుకకు జరిగిన.

"ఓసి నీ మొఖం మండ! సరుగుడు తెమ్మంటె ఇదేందే?" అని గంటె లేపింది. గంటె లేపిందే గని, కొట్టలే. అట్లనే నిలవడి నవ్వుడు మొదలువెట్టింది. నవ్వుకుంటనే చెప్పింది, తల్లి లేదు గిల్లి లేదు, ఇది మా పండుగ తోరణం, గీ దయ్యం పిల్ల ఆగం చేసిందని. పెద్దవ్వ ముందు నమ్మలే. నా రెక్క పట్టి గుంజి, ఎండల నిలవెట్టి, చేతులు చూసింది, ఈపు చూసింది, నాలుక బయటపెట్టమని చూసింది. ఒక్క పొక్కు లేదు. "నీ బొంద వెట్ట పోరీ, పొద్దటి సంది నీ కోసం ఏడుస్తున్న గదనే నేను!" అని నా నెత్తి మీద ఒక్కటి సరిసింది. ఇగ నవ్వులు! పక్కింటి అక్కైతె గిన్నె కింద వెట్టి కడుపు పట్టుకొని నవ్వింది. నేనే కుదురును పీకి ఎనుకకు ఇసిరేసిన.

అవ్వ నవ్వుకుంట నవ్వుకుంటనే, "మంచిది, తల్లి పేరు మీదనన్న వచ్చిండ్రు. రాండ్రి లోపటికి. అన్నం పెడుత" అన్నది.

నవ్వు ఆగిపోయింది. ఒకామె, "ఇయ్యాల మాకు ఒక్కపొద్దు బిడ్డా" అన్నది. ఇంకొకామె, "మేం గీ వారం నీసు ముట్టం" అన్నది. పక్కింటి అక్క నేల చూసింది. పెద్దవ్వ కొంగు సదురుకొని, "పొద్దున తిన్నదే అరగలే" అన్నది. ఎంతమంది ఆడోళ్లో అన్ని సాకులు. నాకు ఒళ్లు మండింది. అప్పటిదాంక నా కుదురు వల్లనే రాలేదనుకొని ఏడుపు దిగమింగుకున్న. ఇప్పుడు యాపాకు లేదు, తల్లి లేదు, ఇంకేం అడ్డం? ఏమున్నదో అప్పుడే నాకు ఎర్కైంది. తొమ్మిదేండ్ల పిల్లకు గూడ ఎర్కైంది.

అవ్వ మొఖం చూసిన. పొద్దటి సంది పొయ్యి ముంగట ఎర్రగైన మొఖం ఒక్కసారే తెల్లగైంది. ఏడుస్తదనుకున్న. ఏడ్వలే. గంటె నా చేతికిచ్చి, చేతులు కొంగుకు తుడుసుకొని, పెద్దవ్వ ముంగట నిలవడ్డది.

"పెద్దవ్వా, తల్లి పేరు మీద తెచ్చింది మల్ల ఇంటికి తీస్కపోతరా?"

"తీస్కపోరాదు" అన్నది పెద్దవ్వ. ఆచారం ముచ్చట వస్తె ఆమె ఆగదు.

"అట్లయితె గీ సల్ల, గీ పెరుగన్నం ఎవలు తినాలె?"

"ఏ ఇంటి కోసం తెచ్చినమో ఆ ఇంటోళ్లే తినాలె."

"మంచిది, ఇటు తెండ్రి" అని పెద్దవ్వ చేతులకెల్లి పెరుగన్నం సర్వ తీసుకొని, అక్కడనే గడప మీద కూసొని, చేత్తోని ఇంత తీసుకొని నోట్ల పెట్టుకుంది. అందరు చూస్తుండంగ నమిలి మింగింది. పాదిరిగారు చూస్తె ఏమనేటోడో ఏమో. "మంచిగుంది పెద్దవ్వా" అన్నది. మిగిలింది మా గిన్నెలకు వంపుకుంది. సర్వ ఖాళీ అయింది. "ఖాళీ గిన్నె తిరిగిస్తె ఇచ్చినింటికి, పుచ్చుకున్నింటికి రెండిండ్లకు కీడని మా అవ్వ చెప్పేది. మీ దిక్కు గూడ గదే ఆచారమా?" అని అడిగింది. పెద్దవ్వ కాదని ఎట్లంటది? ఆచారమాయె!

అవ్వ లోపటికి పోయి సర్వ నిండ బగార అన్నం, దాని మీద నాలుగు గంటెల మేకకూర పోసి తెచ్చి, పెద్దవ్వ చేతుల పెట్టింది. తర్వాత అక్క గిన్నె. తర్వాత ముంత, తర్వాత ఇంకో సర్వ. ఏ ఒక్కటి ఖాళీగ పోలే. వాళ్లు వేడి గిన్నెలు కొంగులతోని పట్టుకొని, ఒకరెంట ఒకరు పోయిండ్రు. తలుపులు మల్ల దగ్గరికి పడ్డయి.

రెండు దాటినంక బాపు నల్లటి మొఖంతోని బాయికెల్లి వచ్చిండు. ఇంట్ల చూస్తె సుట్టాలు లేరు, అయిదారు గిన్నెల పెరుగన్నం, అంబలి, సల్ల ఉంది. ఏమైందని అడిగిండు. అవ్వ చెప్పింది. "తింటరంటవా?" అన్నడు. "తినకుంటె పారేస్తరు. నా చేతుల ఏమున్నది?" అని అవ్వ అటు తిరిగి గిన్నెలు సదురుకుంది. బాపు స్నానం చేసి, రెండుసార్లు పెట్టిచ్చుకొని తిన్నడు. అవ్వ ముద్ద ముట్టలే. కడుపు నిండిందన్నది.

నేను ఊకోలే. ఇండ్ల ఎనుక సందుల పొంటి తిరిగిన. లైను కొసకున్న ఇంటి ఎనుక కుక్క ఒకటి బగార అన్నం తింటుంది. అండ్ల ఉన్న లవంగం గూడ నాకు కనవడ్డది. ఆ ఇంటామె మంచామెనే, నా జ్వరానికి కషాయం తెచ్చినామెనే. నాకు ఒక రాయి తీసుకొని ఆ ఇంటి మీదికి ఇసరాలనిపిచ్చింది. కుక్కనే కొట్టిన, దానికి పాపం ఏమెర్క? గా సంగతి అవ్వకు చెప్పలే. ఆమె సచ్చిపోయేదాంక గూడ చెప్పలే. మిగిలిన ఇండ్లల్ల ఏమైందో చూద్దామంటె ధైర్యం చాలలే, ఇంటికొచ్చి ముడుసుకొని పన్న.

నాలుగైంది. నల్లా వచ్చింది. అవ్వ బిందెలు పట్టుకొని లేచింది, నేను బొక్కెన పట్టుకొని ఎంట పోయిన. ఆడోళ్లంత నల్లా చుట్టు కూసొని గిన్నెలు తోముతుండ్రు. అవే సర్వలు, అవే ముంతలు. అవ్వ ఎప్పటి లెక్కనే ఆఖరుకు, జర దూరంల నిలవడ్డది. బూడిదతోని తోమే సప్పుడు తప్ప ఇంకోటి లేదు. అవ్వ కండ్లు మాత్రం గిన్నెల మీదనే ఉన్నయి. అవి తిన్న గిన్నెలా, పారవోసిన గిన్నెలా, తోమంగ ఎట్ల తెలుస్తది?

పెద్దవ్వ తల పైకెత్తలే. సర్వ అడుగు గీకుకుంటనే, "బగార మంచిగ పొడిపొడిగైంది గని పిల్లా, కూరల ఉప్పు తక్కువేసినవ్" అన్నది.

తోముడు ఆగింది. అందరు పెద్దవ్వ దిక్కు చూసిండ్రు. పొద్దున తిన్నది అరగలేదన్న ముసలామె నలుగురిల నోరు తెర్సి తిన్ననని చెప్పింది! పక్కింటి అక్క మెల్లగ, "నాకైతె ఉప్పు సరిపోయింది పెద్దవ్వా, కారమే జర ఎక్కువ" అన్నది. "కారమెక్కడిది? నువ్వు మరాఠోళ్ల నాలుకదానివి" అన్నది నీసు ముట్టనన్నామె. "బొక్కలు మంచిగ ఉడికినయి" అన్నది ఒక్కపొద్దున్నామె. అందరు శ్రీవైష్ణవులే, బుట్టల రొయ్యలే మాయమన్నట్టైంది. ఉప్పు తక్కువా సరిపోయిందా అని నల్లా కాడ పెద్ద లొల్లి లేచింది. లైను కొసకున్నామె మాత్రం తల వంచుకొని గిన్నె తోముకుంట కూసుంది. నేను ఆమెనే చూసిన, ఆమె నన్ను చూడలే.

"మల్ల ఏడు సరిగ్గ ఏస్త పెద్దవ్వా" అన్నది అవ్వ. బిందెలు నింపుకొని, ఎవల దిక్కు చూడకుంట ఇంటికొచ్చింది. నెత్తి మీది బిందె దించింది, సంకల బిందె దించింది, గోడకు ఆనుకొని కింద కూలవడి, మొఖం కొంగుల దాసుకొని ఎక్కెక్కి ఏడ్సింది.

బాపు మంచం మీదికెల్లి దిగ్గున లేచిండు. "ఏమైందే? ఎవలేమన్నరు? చెప్పు, ఎవలేమన్నరు?" అని పరేషానైండు. అవ్వ కొంగు తీసి ఆయన దిక్కు చూసింది. కండ్ల నిండ నీళ్లు, మొఖమంత నవ్వు.

"కూరల ఉప్పు తక్కువైందటయ్యా" అన్నది.